ముందు బంపరు

బంపరు పగిలింది నా చేతుల్లోనే, మా సెల్లార్లోనే, రోజూ చూసే స్తంభానికే. పగలడం కూడా అలా ఇలా కాదు, నట్టనడిమికి రెండు ముక్కలు. "మా మరదలికి మూతి పగిలిందా?" అంది అక్క ఫోన్లో. పెళ్లి చేసుకోరా అని పోరు పెడితే జపాన్ నుంచి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు తెప్పించుకున్నానని, అప్పట్నుంచీ దాన్ని మరదలనే అంటుంది. ఇద్దరం నవ్వాం. అంతలో వాళ్ల మనవరాలు లేచి ఏడ్చింది, అక్క ఫోను పెట్టేసింది.

డెంటింగ్ మేస్త్రీ ముక్కలు చూసి పెదవి విరిచాడు. అతికిస్తే మొదటి గుంతకే ఊడుతుందట. ఈ బండి సామాను షాపుల్లో దొరకదని, రేవు దగ్గర ఒక పెద్దాయన జపాన్ పాత బళ్లు విప్పి అమ్ముతుంటాడని చెప్పి నంబరిచ్చాడు.

పెద్దాయన మొదటి మాటకే నన్ను అబ్బాయ్ అన్నాడు. బట్టతల ఫోన్లో కనబడదు కదా. యాభై దాటాయని చెప్పబుద్ధి కాలేదు. మోడలు చెప్పి, బంపరు కావాలన్నాను. "ముందుదా..." అని ఆయన ఇంకా ఏదో అడగబోతుంటే, "ముందుదే, ముందుదే" అన్నాను. ఎవరైనా నిదానంగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

వెతకాలన్నాడు. వెతుకుతూ దాదాపు రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు. ఫలానా కంటైనర్ తెరిచానని, లేదని. చెప్పాల్సింది అంతే, కానీ అంతటితో ఆగేవాడు కాదు. మోకాలి నొప్పి, అల్లుడి గొప్పలు, పాత వ్యాను సీట్లో పిల్లల్ని పెట్టిన పిల్లి. చివర్లో నేనేం వండుకున్నానో అడిగేవాడు. చారు అంటే, రోజూ అదేనా అని కోప్పడేవాడు.

ఆఫీసులో నాతో మాట్లాడేవాళ్లు లేకపోలేదు. జీతం బిల్లులు చూసేవాణ్ని, అందరికీ నాతో పనే. ఏం వండుకున్నావని మాత్రం ఎవరూ అడగరు. ఉన్నమాట చెబుతున్నాను, ఆ బంపరు దొరక్కూడదని కోరుకున్నాను. దొరికితే ఆయనకి ఇక నాతో ఏం పని?

దొరికింది. పాత బొంతలో చుట్టి లారీలో పంపాడు. మేస్త్రీ దాన్ని ఎత్తి ఆనించాడు. లైట్ల దగ్గర నాలుగు వేళ్ల సందు. అటు తోశాడు, ఇటు తోశాడు, దించేశాడు.

"ఇది ముందుదండీ," అన్నాడు.

ముందుది కాక వెనకది తగిలిస్తారా అని కసిరాను.

"ఆ ముందు కాదండీ. ఈ మోడలుకి కంపెనీవాళ్లు కొన్నేళ్లకి మూతి ఆకారం మార్చారు. ఇది మార్చక ముందుది. మీ బండి తర్వాతది."

పెద్దాయన అడగబోయింది అదన్నమాట. ముందుదా, తర్వాతదా అని. నా నోటి తొందరకి చిరాకు పడాల్సింది పోయి, లోపల ఎగిరి గంతేశాను. మళ్లీ వెతకాలి. మళ్లీ ఫోన్లు.

విషయం చెబితే పెద్దాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఎదుటివాడి మాట పూర్తిగా వినే అలవాటు లేదా అబ్బాయ్ అని చీవాట్లు పెట్టాడు. ఆపైన, మార్చిన తర్వాతదైతే గోడకే ఆనించి ఉందని, ఎప్పట్నుంచో కాళ్లకి అడ్డం పడుతోందని, పొద్దున్నే లారీ ఎక్కిస్తానని అన్నాడు. సంతోషం మీద ఎవరో చన్నీళ్లు చల్లినట్టయింది. సరేనండీ అన్నాను.

అచ్చు గుద్దినట్టు సరిపోయింది. రంగు కూడా కలిసింది. మేస్త్రీ గుడ్డతో తుడిచి, వెనక్కి వెళ్లి చూసి మురిసిపోయాడు. నేనూ బాగుందన్నాను. బండి తెచ్చి సెల్లార్లో పెట్టి పైకెళ్లాను.

ఆ సాయంత్రం కంచం పక్కన ఫోను పెట్టుకుని తిన్నాను. మోగలేదు. మర్నాడూ మోగలేదు. ఎందుకు మోగుతుంది, సామాను సరిపోయిందని నేనే చెప్పాను కదా. మూడోనాడు ఇక ఉండబట్టలేక నేనే చేశాను.

"వెనక బంపరు ఒకటి కావాలండీ," అన్నాను.

"వెనకది కూడా పగిలిందా అబ్బాయ్?"

"ఇంకా లేదండీ."

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినబడింది.

"వెనకది దొరకడం కష్టం," అన్నాడు పెద్దాయన. "చాన్నాళ్లు వెతకాలి."