పదకొండో నిబంధన రాసింది నేనే

మా డిపార్ట్‌మెంటులో మిడ్‌టర్మ్ పరీక్షకు పందొమ్మిది నిబంధనలున్నాయి. అందులో పదిహేడు నేను రాసినవే. హెడ్‌గా ఉన్న ఆరేళ్లలో ఎవరు కొత్త తెలివి చూపించినా దానికో నిబంధన తగిలిస్తూ వచ్చాను. ఒకడు నీళ్ల బాటిల్ లేబుల్ వెనక సూత్రాలు రాసుకొచ్చాడు, లేబుళ్లు నిషేధం. డ్యూటీలో ఉన్న లెక్చరరు ఒకాయన టీ తాగొచ్చేసరికి హాలు మొత్తానికీ ఒకే తప్పు జవాబొచ్చింది. అప్పట్నుంచి ఇన్విజిలేటరు హాలు వదిలితే పరీక్ష రద్దు.

ఆ రోజు రావలసినాయన సెలవు పెట్టడంతో డ్యూటీ నా నెత్తిన పడింది. నిబంధనలన్నీ గట్టిగా చదివి వినిపించాకే పేపర్లివ్వాలి. ఎనిమిది నిమిషాలు పట్టింది. మూడో వరసలో ఒకమ్మాయి ఆవలించింది. నాకూ వచ్చింది గానీ, హెడ్‌ని కదా, మింగేశాను.

తర్వాత గుర్తింపు కార్డులు చూస్తూ, పేపర్లిస్తూ డ్రైవరుగారి దగ్గరికొచ్చాను. ఆయన సిటీ బస్సు నడుపుతారు. నలభై ఆరేళ్ల మనిషి, క్లాసులో పిల్లలతో పాటు నేనూ ఆయన్ని అలాగే పిలుస్తాను. నడుం అరిగిపోయింది, ఈ ఏడు దాటితే ఇక స్టీరింగు పట్టొద్దని డాక్టరు చెప్పేశాడు. ఆలోగా డిగ్రీ చేతికొస్తే డిపోలో కుర్చీ ఉద్యోగం, రాకపోతే ఇంటికే. ఈ పేపరు ఇప్పటికే రెండుసార్లు తప్పారు. మూడోసారి తప్పితే సీటు పోతుంది.

ఆయన కార్డు మీద ఫొటో ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది.

"చొక్కా జేబులో పెట్టుకుని బండి నడుపుతాను మేడమ్. చెమటకి మొహం పోయింది," అన్నారు.

పదకొండో నిబంధన: ఫొటో కనబడని కార్డు చెల్లదు, హెడ్ సంతకం, ముద్ర ఉన్న ధ్రువపత్రం తేవాలి. హెడ్ నేనే. ముద్ర పై అంతస్తులో నా గదిలో ఉంది. నేను కదిలితే ముప్ఫై తొమ్మిది మంది పరీక్ష గంగలో కలుస్తుంది. ముద్ర ఇంకొకరి చేతికివ్వకూడదు. బయటికెళ్లినవాళ్లు తిరిగి రాకూడదు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని ఊరికే అనలేదు.

సరిగ్గా అప్పుడే పరీక్షల విభాగం గుమాస్తా తనిఖీకి వచ్చాడు. చెడ్డవాడు కాదు, కాగితం మీదున్న అక్షరాన్ని పట్టుకుంటే వదలడు, అంతే.

"ఈయన్ని రాయనివ్వకూడదు మేడమ్."

"ఈయన నాకు మూడేళ్లుగా తెలుసు."

"హెడ్‌గా తెలుసా, ఇన్విజిలేటరుగా తెలుసా?"

"రెండుగానూ తెలుసయ్యా. ఉన్నది నేనొక్కదాన్నే కదా."

"ఇన్విజిలేటరు గుర్తుపడితే చెల్లదు. పన్నెండో నిబంధన. మీరు రాసిందే."

గోడకేసి తల బాదుకోవాలనిపించింది. అతను అక్షరం వదల్లేదు, నేను నోరు తగ్గించలేదు. హాలంతా పెన్నులు పక్కనపెట్టి తమాషా చూస్తోంది. డ్రైవరుగారు మాత్రం గోడ గడియారం చూస్తూ నిలబడ్డారు.

"నా వల్ల పిల్లలకి ఇబ్బంది. నేను వెళ్లిపోతాను మేడమ్," అని పెన్ను జేబులో పెట్టుకున్నారు.

ఆ మాటకి నాకు తిక్కరేగింది. "కూర్చోండి," అని పేపరు ఆయన చేతిలో పెట్టాను. "నిబంధన నేనే తప్పానని రిపోర్టులో రాసుకో," అన్నాను గుమాస్తాతో. రాసుకున్నాడు. అప్పటికి తొంభై నిమిషాల్లో ఇరవై అయిదు పోయాయి.

గంట కొట్టారు. గుమాస్తా పేపర్లు లెక్కపెట్టడానికి మళ్లీ వచ్చాడు. డ్రైవరుగారు చివరి ప్రశ్న మధ్యలో ఉన్నారు.

"మీరు రాయండి. మీ టైము మేం తిన్నాం," అన్నాను.

ఆయన గుమాస్తా వైపు చూశారు. "ఇప్పటికే మీ మీద ఒకటి రాసుకున్నారు మేడమ్. నా కోసం రెండోది వద్దు," అని పేపరు ఇచ్చేసి నడుం పట్టుకుని లేచారు. నాకు సిగ్గేసింది.

ఆ పేపరు అప్పటికప్పుడే దిద్దాను. పాసవడానికి ఇరవై కావాలి. పదిహేడొచ్చాయి. ఆరు మార్కుల చివరి ప్రశ్న సగందాకా తప్పన్నది లేకుండా సాగి ఆగిపోయింది. కొట్టేసిన లైన్లు కూడా వెతికాను. ఏమీ దొరకలేదు.

తిన్నగా పరీక్షల విభాగానికెళ్లి ఫిర్యాదు రాసిచ్చాను: ఇన్విజిలేటరు అభ్యర్థి సమయం వృథా చేసింది, ఆయనకు మళ్లీ పరీక్ష పెట్టాలి.

"దీని మీద విచారణ హెడ్ చెయ్యాలి," అన్నాడు గుమాస్తా.

"చేశాను. నేరం రుజువైంది."

అతను కళ్లజోడు తీశాడు. "మేడమ్, ఇది ఫైల్లోకెక్కితే వచ్చే ఏడు మీరు హెడ్‌గా ఉండరు."

"ఎక్కించు."

కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, నంబరు వేసి ఎక్కించాడు. రేపు పదింటికి పరీక్ష అని రాసిచ్చాడు. నేను వెంటనే డ్రైవరుగారికి ఫోన్ చేశాను. ఆఖరి స్టాపులో ఉన్నట్టున్నారు, వెనక ఎవరో బండి తియ్యమని కేకలేస్తున్నారు.

"రేపు పొద్దున డ్యూటీ ఉంది మేడమ్," అన్నారు నెమ్మదిగా. "సెలవు కావాలంటే మూడు రోజుల ముందు చెప్పాలి. మా డిపోలో నిబంధన."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మీ మేనేజరు నంబరివ్వండి," అన్నాను.