కెప్టెన్ ప్రూయిట్ పారిపోయిన ఉదయం

ఆ ఉదయం మాస్లీ వాగు వంతెన వద్ద ఉన్నవారు, వరుసక్రమంలో: అందరికంటే ముందు, నీలి కోటు తొడిగి, తన ముత్తాత తండ్రి కెప్టెన్ ప్రూయిట్ వేషంలో ఎల్లిస్ ప్రూయిట్, అతని వెనుక పదకొండుమంది సైనిక వేషధారులు, వారి వెనుక, కంచరగాడిదల బండి మీద, బండివాడు గిడియన్ ఐసమ్ వేషంలో అతని వంశీకుడు డార్నెల్, గట్టు మీద ఊరిజనం, చివరగా, చరిత్ర సంఘం కార్యదర్శిగా, కుర్చీలో నేను.

ఎదుటి గట్టు కనిపించడం లేదు. అమెరికా అంతర్యుద్ధం నాటి ఉదయమే ఇంకా కరగకుండా నీటి మీద నిలిచిపోయినట్లు పొగమంచు పరుచుకొని ఉంది.

ఆనాడు కెప్టెన్ ప్రూయిట్ ఒంటరిగా ఈ వంతెనను కాపాడాడని మా ఊరి నమ్మకం. శిలాఫలకంపై ఆ వాక్యం కూర్చినది నేనే. పారిపోయినవాడు కెప్టెన్ అనీ, బండిని అడ్డంగా తిప్పి శత్రువును ఆపినవాడు గిడియన్ అనీ ఐసమ్ కుటుంబం తరతరాలుగా చెబుతోంది. కాగితం లేదన్న కారణంతో ఆ మాటను నేను రెండుసార్లు తోసిపుచ్చాను.

ఈ వేడుకకు వారం ముందు ఎల్లిస్ ఇంటి అటక మీద కాగితం దొరికింది. కెప్టెన్ తన భార్యకు రాసిన ఉత్తరం: “నేను మొక్కజొన్న చేలోకి పరుగెత్తాను. ఐసమ్ నిలిచాడు.” దానిని ఎల్లిస్ నాకొక్కడికే చూపించాడు.

“ఏం చెయ్యమంటారు, మాస్టారూ?”

“ఉన్నచోటే ఉండనీ,” అన్నాను.

ఏటా ఈ ఉత్తుత్తి యుద్ధానికి ముందు, ఎవరు మొదట చచ్చి పడాలని వేషధారుల మధ్య జరిగే వాదన ఆ ఉదయమూ జరిగింది.

“పోయినేడు తడిగడ్డిలో ముందు చచ్చింది నేనే. ఈసారి నువ్వు చావు, వెండెల్.”

“నడుం పట్టేసిందిరా. కాస్త ఎండొచ్చాక చస్తాలే.”

డార్నెల్ బండి మీది నుంచి అన్నాడు: “మీ కెప్టెన్‌గారికి ఆ బాధే లేదు. చావడు, తడవడు.”

ఎల్లిస్ నవ్వలేదు.

బూర మోగింది. తుపాకుల పొగ మంచులో కలిసింది. ఏటా కత్తి దూసి నిలబడే చోటికి వచ్చి ఎల్లిస్ ఆగాడు. టోపీ తీసి వంతెన కమ్మీ మీద పెట్టాడు. నావైపు ఒకసారి చూసి, వెనుదిరిగి పరుగెత్తాడు.

“ఏమయ్యోయ్, వంతెన ఇటుంది!” అని ఎవరో అరిచారు. జనం ఈలలు వేశారు. పండిన చేను నీలి కోటును మింగేసింది. నిద్రలో ఎవరో ఒత్తిగిలినట్లు కంకులు కాసేపు కదిలి ఆగిపోయాయి.

డార్నెల్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు. కొంతసేపు చేనువైపు చూశాడు. తరువాత పగ్గాలు లాగి బండిని వంతెనకు అడ్డంగా తిప్పాడు, తన నాయనమ్మ చెప్పిన తీరుగానే. చెక్కల మీద చక్రాల చప్పుడు ఎంతో దూరం నుంచి వస్తున్నట్లు వినిపించింది. ఈలలు ఆగిపోయాయి.

ఎల్లిస్ తిరిగివచ్చి, బండి పక్కన నిలబడి, ఉత్తరం పైకి చదివాడు.

డార్నెల్ పగ్గాలు వదిలి బండి దిగాడు. ఆ తరువాత అడిగాడు:

“చేలో పొడిగా ఉందా, ప్రూయిట్?”

“లేదబ్బా. మోకాళ్ళదాకా తడిసిపోయా.”

శిలాఫలకంపై నా వాక్యం తొలగించి గిడియన్ ఐసమ్ పేరు చెక్కించవలసిందిగా నేనే ప్రతిపాదించాను. కార్యదర్శి హోదాలో ఇంకొక విషయం నమోదు చేస్తున్నాను: ఎల్లిస్ ప్రూయిట్, నా సలహాను కాదని, ఊరంతా చూస్తుండగా, తన వంశంవారు నిలిచారని చెప్పుకున్న చోటు విడిచి పారిపోయాడు. ఇందుకు సంఘం అతనికి కృతజ్ఞతాపూర్వకంగా వందనం చేస్తున్నది.