తోడు మనిషి భత్యం

అత్తను పక్కకు తిప్పి, తడిగుడ్డతో వీపు తుడుస్తూనే కోడలు పాఠం మళ్లీ మొదలుపెట్టింది.

"లేవగలవా అని అడుగుతాడు. ఏమంటావు?"

"లేవలేనంటా."

"స్నానం?"

"నువ్వే చేయిస్తావంటా. ఎన్నిసార్లు చెప్పిస్తావే?"

కోడలు లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దున ఒక షిఫ్టు, సాయంత్రం ఒకటి, మధ్యలో అత్త. భర్త పోయాక ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. మంచం పట్టిన మనిషిని చూసుకునేవాళ్లకు ప్రభుత్వం భత్యం ఇస్తుందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పిన పాపాన పోలేదు. లాండ్రీకి బట్టలు తీసుకెళ్లడానికి వచ్చిన ఒక నర్సు మాటల మధ్యలో చెప్పింది. ఇక కోడలు ఆ భత్యం ఇచ్చే ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఈ కిటికీలో అడిగితే ఆ కిటికీ, అక్కడ అడిగితే ఇక్కడ కాదు. చివరికి తేలిందేమంటే, ఇంటికి ఒక అధికారి వస్తాడు, చూస్తాడు, రాసుకుంటాడు. అతను సరేనంటే సాయంత్రం షిఫ్టు మానేయొచ్చు. ఎడమ భుజం ఇప్పటికే మాట వినడం లేదు.

అధికారికి ఇల్లు దొరక్కపోతే వీధి చివరిదాకా వెళ్లి తీసుకొచ్చింది. ఇద్దరూ లోపలికి వచ్చేసరికి అత్త గోడ పట్టుకుని నిలబడి ఉంది. చేతిలో మంచినీళ్ల గ్లాసు. సగం నీళ్లు చీర మీదే ఉన్నాయి.

"ఎండనపడి వచ్చావు బాబూ, తాగు."

అధికారి గ్లాసు అందుకుని అత్తవైపు తిరిగాడు.

"మీ పనులు ఎవరు చేస్తారు మామ్మగారూ?"

"నావి నేనే చేసుకుంటా నాయనా. దానికి అసలే పనితో ఊపిరాడదు. నేనెందుకు భారం?"

"ఆవిడ అబద్ధం చెప్తోంది సార్," అంది కోడలు. ఆ మాట తన చెవికే చెడ్డగా వినిపించింది.

అతను నీళ్లు తాగి, ఇతరుల సాయం అక్కర్లేదని రాసుకుని, కావాలంటే వచ్చే ఏడాది మళ్లీ అడగమని చెప్పి వెళ్లిపోయాడు.

"నా కొంప ముంచావు కదా అత్తా."

"ఇంటికొచ్చిన మనిషి ముందు పడుకుని ఎలా ఉండమంటావే?" అంది అత్త ఆయాసపడుతూ.

కోడలు అత్తను పడుకోబెట్టి, దుప్పటి కప్పి, షిఫ్టుకు వెళ్లిపోయింది. అక్కడ అధికారి మీది కసి, అత్త మీది కసి కలిపి చొక్కాల మీద చూపించింది. ఒక కాలరు మాడింది. యజమాని చేత చీవాట్లు తింది.

తిరిగొచ్చేసరికి అత్త గోడవైపు తిరిగి ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. కోడలికి ఏడుపు రాలేదు. కోపం ఇంకా తగ్గలేదు, పోట్లాడటానికి మాత్రం మనిషి లేదు. పక్కింటివాళ్లు వచ్చేలోపు అన్నీ సర్దుదామని చూస్తే, పొద్దున మంచం పక్కనే ఉంచిన బెడ్‌పాన్ కనిపించలేదు. వంగి చూసింది. మంచం కింద, ఎవరి కంటా పడనంత లోపల, గోడకు ఆనించి ఉంది. దాని మీద ఉతికిన తువ్వాలు నిండుగా కప్పి ఉంది.