కాల్చిన తలకాయ

నేను ఒక మిక్సీని. నూరడం, చీల్చడం తప్ప మరో పని చేతకాని జన్మ నాది. కోయంబత్తూరులో స్టీలు రేకును అచ్చు కింద పెట్టి, ఒక్క దెబ్బతో నా జారు చేశారు. అందులో నాలుగు కత్తులు బిగించారు. ఇక నన్ను శాంతంగా బతకమంటే ఎలా బతుకుతాను?

మొదటి ఆరేళ్ళు హనుమకొండలో, హైమ వాళ్ళ పిన్ని వంటింట్లో గడిపాను. అల్లం, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఏది వేసినా పిప్పి చేశాను. పిన్ని కొత్త మిక్సీ కొనుక్కుని నన్ను హైమకు ఇచ్చేసింది. హైమ హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేస్తోంది. మెదడును నూరే విదేశీ యంత్రం కోసం పెట్టిన ఫైలు కదలక, అది వచ్చేదాకా అని నన్ను బల్ల మీద పెట్టింది. ఆ యంత్రం ఇప్పటికీ రాలేదు.

అక్కడ నా పని గొర్రె మెదళ్ళు. చల్లటి ఉప్పునీళ్ళు పోసి మీట నొక్కితే, మందనూ తల్లినీ గుర్తుపెట్టుకున్న ఆ మెత్తటి ముద్ద అర నిమిషంలో గులాబి రంగు నురగయ్యేది. హైమ దాన్ని గాజుపాత్రలోకి వంచుకుని, మందులు పోసి, తల మీద చక్కెర మోసే ఒక రకం కొవ్వును వేరు చేసేది. గ్లైకోలిపిడ్ అంటారు దాన్ని. మెదడు కణాల పైపొరలో అది దండిగా ఉంటుందట. మామూలు కొవ్వుతో చేసిన చిన్న చిన్న బుడగలే ఆమె కృత్రిమ కణపొరలు. వాటిలో ఈ చక్కెర కొవ్వు కలిపి, వెంట్రుక కన్నా సన్నటి గాజుగొట్టంతో పట్టి లాగేది. కలపని బుడగ ఓర్చుకునేది. కలిపిన బుడగ ఫట్టున పగిలిపోయేది. సూక్ష్మదర్శినికి తగిలించిన తెర మీద రోజుకు నలభై చావులు చూసేదాన్ని.

ఆమె గైడు పరాంకుశానికి ఆ చావులంటే పండగ. మెదడులోని చక్కెర కొవ్వు కణపొరను చీల్చేస్తుందని నాలుగు సభల్లో బల్లగుద్ది చెప్పాడు. పేపరు కూడా అచ్చయింది, హైమ పేరే ముందు. ఆమె థీసిస్ ఇవ్వడానికి ఇంక రెండు నెలలే ఉంది.

నాకు మాత్రం మొదటినుంచీ అనుమానమే. ఆ మెదళ్ళకు పొగవాసన. ఆరేళ్ళు వంటింట్లో ఉన్నదాన్ని, పచ్చిదేదో మాడిందేదో నాకు తెలియదా? కానీ నా అరుపును మాటగా విన్నవాళ్ళెవరు?

ఒకరోజు మెదళ్ళు తెచ్చే అటెండరు సెలవు పెట్టాడు. హైమ నా జారులో ఐసు నింపుకుని, తనే మాంసం కొట్టుకు వెళ్ళింది. కొట్టు నడిపే కాశీరాం తలకాయలను మంటలో వరసగా పెట్టి బొచ్చు కాలుస్తున్నాడు. కొమ్ములు చిటపటమంటున్నాయి. కళ్ళు ఉడికి తెల్లబడుతున్నాయి. కాలిన తలనొకదాన్ని మొద్దు మీద పెట్టి, ఒక్క వేటుతో పుర్రె చీల్చి, మెదడు తీసి నాలో వేయబోయాడు. హైమ జారును వెనక్కి లాక్కుంది. మాకు పంపేవి కూడా కాల్చినవేనా అని అడిగింది.

"కాల్చకుంటె తలకాయ ఎవ్వరు గొంటరమ్మా? సదువుకునేటోళ్ళని మీయి ఇంకింత మంచిగ కాల్చి పంపుతున్న," అన్నాడు ప్రేమగా.

హైమ ముఖం పాలిపోయింది. మంటకు చెడిన కొవ్వులే బుడగలను చంపుతున్నాయేమోనని ఆమెకు అప్పుడు తట్టింది. అప్పుడే తెగిన, మంట ముట్టని ఆరు తలలు కొట్టించింది. నెత్తురు ఇంకా వెచ్చగా ఉంది. మూడు మెదళ్ళు నేను నూరాను, మూడు ఫ్రీజర్లో ఉంచింది. నాలుగు రోజులకు కొత్త కొవ్వు చేతికొచ్చింది. అది కలిపిన బుడగను లాగితే మెత్తబడింది, గొట్టంలోకి సాగింది, వణికింది. పగల్లేదు. తరవాతి ముప్పై తొమ్మిదీ పగల్లేదు. హైమ బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఆమె మూడేళ్ళ కష్టం నా కత్తుల కిందే నురగైంది.

పరాంకుశం మండిపడ్డాడు. "కొట్టువాడి పొయ్యి సంగతి మనకెందుకమ్మా? థీసిస్ ఇచ్చేసి వెళ్ళిపో."

"కాలిన తలకాయలని తెల్సినంక, మెదడే గిట్ల చేస్తదని ఎట్ల రాస్త సార్?" అంది హైమ.

లోపం ఆమె చేతిలోనే ఉందని, తానే చేసి చూపిస్తానని ఫ్రీజర్లోని మూడు మెదళ్ళూ తీసి నాలో పడేశాడు. హైమ ఎప్పుడూ నూరడం అయ్యాకే, వేరే గాజుపాత్రలో మందులు పోసేది. ఆయన పెట్రోలులా ఇట్టే అంటుకునే అసిటోన్‌ను తిన్నగా నాలోనే పోశాడు. నా మోటారులో నిప్పురవ్వలు పుడతాయని ఆయనకు తెలియక కాదు, కోపంలో గుర్తు లేదు. హైమ ఆగమనేలోపే మీట నొక్కాడు.

ఢామ్మని పేలాను. మూత పైకప్పుకు తగిలింది, మంట ఆయన ముఖాన్ని పట్టుకుంది. హైమ ఆయన్ను కింద పడేసి, ఉత్త చేతులతో ఆ మంటను కొట్టి కొట్టి ఆర్పింది. ఎవరి పనికీ రాని హింస నేను చేయడం అదే మొదటిసారి. క్షణంపాటు బాగానే అనిపించింది. ఆమె అరచేతులు చూశాక సిగ్గుతో చచ్చిపోయాను.

మూడు వారాలకు ఆయన తిరిగొచ్చాడు. కనుబొమలు లేవు, మీసం లేదు. పేపరు వెనక్కి తీసుకుంటున్నామన్న ఉత్తరాన్ని హైమ కట్టు కట్టిన చేతులతో ఆయన ముందు పెట్టింది. ఆయన చాలాసేపు చదివాడు. బల్ల కింద మాడిపడి ఉన్న నా వైపు ఒకసారి చూసి సంతకం చేశాడు. మళ్ళీ మొదటినుంచి చేయాలి నువ్వు, అన్నాడు. చేస్త సార్, అంది హైమ.

ఇప్పుడు నేను పాతసామాను కొట్టులో, విరిగిన సైకిళ్ళ కింద ఉన్నాను. మూడు మెదళ్ళ మాడు ఇంకా నా కత్తులకు అంటుకునే ఉంది. ఇదంతా నిజమేనా అని మీరడిగితే ఒక్కటే చెప్తాను. కాలిన తలకాయ చెప్పిన సాక్ష్యాన్ని హైమ ఒప్పుకోలేదు. నాదీ కాలిన తలకాయే. పచ్చిది తెచ్చుకుని మీరే లాగి చూడండి.