గోడ వెనక పూసిన చిక్కుడు

కార్తీకమాసం వెళ్ళిపోతున్నా నూకరత్నం పెరట్లో చిక్కుడు పాదు ఒక్క పువ్వు పూయలేదు. ఆకుకి మాత్రం లోటు లేదు. పందిరంతా పరుచుకుని, ప్రహరీ ఎక్కి, వీధిలో ఎవరొస్తున్నారా అని తొంగిచూస్తోంది. వానలు ఎప్పుడో పోయాయి. పొద్దున్న కాస్త మంచు, ఆపైన హాయైన ఎండ. వంగ కాసింది, టమాటా కాసింది, బంతి విరగబూసింది. ఈ మహారాణిగారికే ఇంకా ముహూర్తం కుదరలేదు.

వేరే పాదైతే ఈపాటికి పీకి పారేసేదే. కానీ అవి మునగపాకలో వాళ్ళమ్మ ఏటేటా దాచుకున్న గింజలు. వెడల్పు కాయ, అంచున ఎర్రటి గీత. అలాంటి కాయ ఇప్పుడు అనకాపల్లి మార్కెట్లో వెతికినా దొరకదు. అమ్మ వేసవిలో పోయింది. డబ్బాలో మిగిలిన గింజలన్నీ, ఒక్కటైనా దాచకుండా, నూకరత్నం ఆషాఢంలోనే పాతేసింది. బతికింది ఈ ఒక్క మొక్కే. ఈ శీతాకాలం కాయకపోతే ఆ చిక్కుడు ఇక లేనట్టే. ఆ ఆలోచన వస్తే చాలు, ఆమెకు అన్నం సయించేది కాదు.

"దిష్టి తగిలుంటాది. పాత సెప్పొకటి కట్టు," అన్నాడు భర్త త్రినాధరావు. ఆయన బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తాడు. తూకం తప్ప మిగతావన్నీ ఉజ్జాయింపుగా చెప్పే మనిషి.

చెప్పు కట్టింది. బూడిద చల్లింది. నీళ్ళు తగ్గించింది. పాదు చలించలేదు.

ఒకరోజు స్నానాలగది వెనక బట్టలారేస్తుంటే, గది గోడ దాటి ఇటు పడ్డ తీగకి ఊదారంగు పూలగుత్తి కనిపించింది. నూకరత్నానికి పట్టలేని ఆనందం. ఈ మూల ఎండ తక్కువ కదా పాపం అని, తీగని జాగ్రత్తగా ముందువైపుకి లాగి పందిరికి కట్టింది. వారం తిరక్కుండా పూలు రాలిపోయాయి. మళ్ళీ మొగ్గ వేయలేదు. ఎవరు చేయమన్నారు ఈ ఉపకారమని తననే తిట్టుకుంది.

తిట్టుకోవడం అయ్యాక ఆలోచన మొదలైంది. ఒకే వేరు, అవే నీళ్ళు. వెనక పూసిన తీగ ముందుకొస్తే ఎందుకు మానేసింది? స్నానాలగది సబ్బునీళ్ళ బలమేమోనని ముందువైపు కూడా పోసి చూసింది. అదీ కాదు.

సందెవేళ బకెట్టుతో నిలబడి ఉండగా వీధి దీపం భగ్గున వెలిగింది. పందిరంతా పట్టపగలైంది. గది గోడ నీడ మాత్రం వెనక మూల మీద పడింది. సరిగ్గా ఆ పూలు పూసిన మూల మీదే! నూకరత్నం బకెట్టు దించి, అటూ ఇటూ నాలుగుసార్లు నడిచి చూసింది.

"ఏమండీ, ఈ పాదుకి రాత్రవ్వట్లేదండి!"

"మొక్కకి నిద్రేటే? పిచ్చా ఏటి నీకు?" అని నవ్వాడు త్రినాధరావు.

నవ్వితే నవ్వాడు. చూస్తే తెలుస్తుంది కదా. మేనల్లుడు నానాజీ పుట్టినరోజు ఫ్లెక్సీ అటక మీంచి దింపి, పందిరి ఓ కొసకి రోజూ సందెవేళ కప్పి, తెల్లారగానే తీసేయడం మొదలుపెట్టింది. నల్లద్దాల నానాజీ వీధి వైపు పళ్ళికిలించాడు.

పక్కింటి సుజి పరవాడ కంపెనీలో పనిచేస్తుంది. చీకటి పడ్డాక కంపెనీ బస్సు దిగి ఈ సందులోనే నడిచొస్తుంది. ఆ పిల్ల కోసమే వేసవంతా వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి ఆ దీపం వేయించింది నూకరత్నం. నానాజీని చూసి సుజి ఆగింది. సంగతంతా విని, "అయితే లైటు తీయించెయ్యండి పిన్నీ. సెల్లుంది కదా, ఆ ఎలుగులో వచ్చేత్తాను," అంది.

నూకరత్నానికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. పుట్టినందుకు సిగ్గేసింది.

"నువ్వు సీకట్లో నడిసొత్తే నా పాదు పూయాలా? పూత్తే పూసింది, లేకపోతే లేదు. ఇంటికెళ్ళు!" అని కసిరి లోపలికెళ్ళి, అమ్మని తలుచుకుని ఏడ్చింది.

పుష్యమాసంలో ఫ్లెక్సీ కప్పిన కొసన మొగ్గలు తేలాయి. దాని పక్కనే దీపం పడే తీగకి ఒక్కటీ లేదు. త్రినాధరావు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, రెండు వైపులా తడిమి చూసి, "ఔనే!" అన్నాడు. కాయలు దిగాయి. కూరొండమని ఆయన ఎంత అడిగినా ఒక్కటి తెంపనివ్వలేదు ఆవిడ.

మాఘంలో కాయలెండాయి. వలిస్తే గోధుమరంగు గింజలు, అంచున తెల్లటి చార. అవే. నూకరత్నం వాటిని రెండు వాటాలు చేసి, ఒకటి తీసుకెళ్ళి సుజి చేతిలో పోసింది.

"ఇన్నెందుకు పిన్నీ? మీ అమ్మగారివి కదా, మీ కాడుంచుకోండి."

"అన్నీ నా కాడే ఉంచుకుని సూసేను కదే. మీ ఎనక పెరట్లో ఎయ్యి, అక్కడ సీకటుంటాది. రేపు నా పాదు సచ్చిపోయిందనుకో, గిన్నెట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడతాను. లేదనకుండా పెట్టు."