చుట్టుకొక మాట

రెండో చుట్టు పూర్తిచేసి కిటికీ ముందుకొచ్చేసరికి చిన్నకోడలి ఊపిరి కాస్త దారిలో పడింది. మొదటి చుట్టెప్పుడూ అంతే. పిక్కలు బిగుసుకుపోయి, మోకాళ్ళు కిర్రుమంటూ, ఒళ్ళంతా "నీకిదేం పోయేకాలమే" అని తిడుతున్నట్టే ఉంటుంది. రెండో చుట్టుకి ఒంటి తిట్లు ఆగుతాయి. కిటికీలోంచి అసలు తిట్లు అప్పుడు మొదలవుతాయి.

"తెల్లారిందా మహారాణికి?" అంది పెద్దకోడలు ఊచల వెనకనుంచి.

చిన్నకోడలు ఆగలేదు. ఆగి జవాబు చెబితే ఓడిపోయినట్టే. పరిగెత్తుతూ చెబుదామా అంటే, అప్పటికప్పుడు తగిన మాట నోటికి రాదాయె! అందుకని చుట్టుకొక మాట అన్నది ఇద్దరి మధ్యా తనంతట తానే కుదిరిపోయింది. ఆవిడ కిటికీలోంచి ఓ మాట విసురుతుంది. ఈవిడ దాన్ని మోసుకుంటూ ఇళ్ళ వరస చుట్టూ తిరిగి, జవాబు నూరుకుని, మళ్ళీ కిటికీ ముందుకొచ్చి అప్పగించి పోతుంది.

ఈసారి జవాబు తేలిగ్గానే దొరికింది. "రాత్రంతా ఎవరి దగ్గు వింటూ కూర్చున్నాననీ? నాకిప్పుడే తెల్లారింది!" అని దాటిపోయింది.

మళ్ళీ వచ్చేసరికి పెద్దకోడలు సిద్ధంగా ఉంది. "గోడవతల దగ్గు వినిపిస్తోందంటే పలచటి గోడ కట్టించావన్నమాట. పిసినారిదానా!"

ఆ గోడ సంగతి చెప్పకపోతే ఈ ఇద్దరి సంగతీ అర్థం కాదు. వాళ్ళని కోడళ్ళుగా తెచ్చుకున్న అత్తగారు పోయి ఏళ్ళు గడిచాయి, అయినా ఆ వీధిలో ఇద్దరికీ ఆ పేర్లే మిగిలాయి. పెద్దకోడలి మొగుడూ పోయాడు. ఆవిడకి పిల్లల్లేరు. మరిదిని మాత్రం చీమిడిముక్కు వయసునుంచీ తనే పెంచింది. ఆ మరిదిని కట్టుకుని వచ్చింది చిన్నకోడలు. పెంచినావిడకీ కట్టుకున్నావిడకీ ఒకే మనిషి మీద హక్కుంటే ఆ ఇల్లెలా ఉంటుందో వేరే చెప్పాలా? ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు, ఎదురుపడితే ఎడమొహం పెడమొహం. ఓసారి పెద్దకోడలు పుట్టింటికి వెళ్ళొచ్చేసరికి ముందుగదికి అడ్డంగా గోడ లేచింది. వీధి కిటికీ ఆవిడ వాటాకి పోయింది, కుళాయి ఈవిడ వాటాకి వచ్చింది. మధ్యలో ఉన్న మానవుడు బస్సు నడుపుతాడు. ఇంట్లో ఉన్న కాసేపూ గోడకి అటూ ఇటూ తలూపుతూ బతుకుతాడు.

పెద్దకోడలికి క్యాన్సర్ బయటపడ్డాక కూడా ఏమీ మారలేదు. పక్కదుప్పటి మార్చేదీ, మందు మింగించేదీ, వాంతి గిన్నె కడిగేదీ చిన్నకోడలే. అవన్నీ మొహం మాడ్చుకునే చేస్తుంది. ఆవిడా మొహం మాడ్చుకునే చేయించుకుంటుంది.

అలాంటి చిన్నకోడలికి ఈ పరుగు పిచ్చి ఎలా పట్టిందంటే, అదీ పెద్దకోడలి చలవే. చిన్నకోడలు పనిచేసే లాండ్రీకి క్యాన్సర్ ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుడికి వస్తాయి. లాండ్రీ గోడమీద ఆసుపత్రివాళ్ళు ఓ కాగితం అంటించారు. నలభై రెండు కిలోమీటర్ల మారథాన్ అట. పరిగెత్తేవాళ్ళు తెలిసినవాళ్ళ దగ్గర చందాలు పోగుచెయ్యాలి, ఆ డబ్బు పేదరోగుల మందులకి పోతుంది. చిన్నకోడలు ఆ కాగితాన్ని గోడని చూసినట్టే చూసింది. ఆ వారంలోనే పెద్దకోడల్ని ఇంటికి పంపించేశారు, ఇంక చేసేదేం లేదు, ఇంట్లోనే ఉంచుకోమన్నారు. చూడ్డానికి ఎదురింటి టైలరూ, ఆయన భార్యా వచ్చారు. చిన్నకోడలు దిండు సర్దుతోంది. పెద్దకోడలు వాళ్ళతో నవ్వుతూ అంది:

"మా చిన్నది మొదలుపెట్టని పని లేదండీ. కుట్టు నేర్చుకుంది, మానేసింది. రాత్రిబడికి పోయింది, మానేసింది. నాకు చాకిరీ మొదలెట్టింది, ఇదీ మధ్యలోనే వదిలేస్తుంది చూడండి."

వచ్చినవాళ్ళు నవ్వారు. నవ్వరూ మరి? చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడే వెళ్ళి పేరిచ్చేసింది.

ఆ సంగతి విని పెద్దకోడలు కాసేపు దగ్గింది. తర్వాత, "పరిగెత్తితే నా కళ్ళముందు పరిగెత్తు. ఎక్కడో చెట్టుకింద చతికిలబడి వచ్చి పరిగెత్తానంటే నమ్మడానికి నేనేం నీ మొగుణ్ణి కాను" అంది. కుర్చీ కిటికీ దగ్గరికి జరిపించుకుంది. అప్పటినుంచీ ఈ చుట్లు, ఈ తిట్లు.

ఆ పొద్దుటి చివరి చుట్టుకి కూడా గోడమాటకి సరైన జవాబు తట్టలేదు. "వస్తా, సాయంత్రం చెబుతా నీ పని!" అనేసి చిన్నకోడలు లోపలికి పోయింది. పెద్దకోడలికి జావ తాగించి, మూతి తుడిచి, పనికి బయల్దేరింది.

లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు మనిషంత లావు, గదంత పొడుగు. ఇటువైపు చిన్నకోడలు తడిదుప్పటి కొసలు పట్టుకుని రోలరుకి అందిస్తే, అటువైపు ఇంకో పనామె వేడివేడిగా అందుకుని మడతపెడుతుంది. చిన్నకోడలికి నలభై దాటాయి. పొట్టి మనిషి, నడుం దిట్టం. రెండు ముంజేతుల మీదా రోలరు అంటించిన మచ్చలు, కొన్ని నల్లగా మానిపోయి, కొన్ని ఇంకా ఎర్రగా. ఇంతకాలం ఆ గదిలో ఆవిడ మొహం ఎవరూ పట్టించుకోలేదు. పరుగు మొదలుపెట్టాక పేరొకటి తగిలించారు.

"ఏం పరుగులమ్మా, కాళ్ళు ఇంటిదగ్గరే వదిలేసొచ్చావా? చేతులు ఆడించు!" అని మేస్త్రీ అరిచాడు. "ఆ పరుగేదో ఇక్కడ చూపిస్తే కాస్త పనన్నా తెములుతుంది."

"నువ్వు చందా ఇచ్చాక చూపిస్తాలే," అంది చిన్నకోడలు. మేస్త్రీ అటుపక్కకి వెళ్ళిపోయాడు. చందా మాటెత్తితే చాలు, ఎంతటి నోరైనా పడిపోతుంది.

అటువైపు పనామె మెత్తటి మనిషి. దుప్పటి మడతపెడుతూ, "మీ అక్క చల్లగా లేచి తిరుగుతుందిలే, దిగులుపడకు" అంది.

"లేచి తిరగక్కర్లేదు. పరుగు రోజుదాకా ఉంటే చాలు నాకు."

"అదేం మాటే!"

"అదే మాట. అన్నీ మధ్యలో వదిలేస్తానంది కదా, నలుగురిలో? నేను పూర్తిచేసి వచ్చి ఎదురుగా నిలబడతా. 'పూర్తిచేశావే' అని ఒక్క ముక్క, ఆ నోటితోనే అనాలి. ఆ తర్వాత ఉంటుందో పోతుందో ఆవిడిష్టం. అప్పటిదాకా మాత్రం పోనివ్వను."

పనామె నోరు నొక్కుకుంది. చిన్నకోడలు ఇంకో దుప్పటి అందుకుంది. గోడమాటకి జవాబు ఇంకా దొరకలేదు, సాయంత్రమైతే వచ్చేస్తోంది. పిసినారిదట! ఆ గోడకి సిమెంటు మోసింది తను, నీళ్ళు పోసింది తను. ఆవిడ తిరిగొచ్చి గుమ్మంలో సంచీతో నిలబడి, గోడవంక చూసి, ఒక్క మాటైనా అనకుండా లోపలికి పోయింది. ఆ రోజే నోరారా నాలుగు తిట్టి ఉంటే ఇన్నేళ్ళు ఇద్దరూ ఇలా పళ్ళు నూరుకుంటూ ఉండేవాళ్ళు కాదేమో. తిట్టలేదు మహాతల్లి. చిన్నకోడలికి ఆ మౌనమే కడుపులో ముల్లులా ఉండిపోయింది.

ఎండ వాలాక మళ్ళీ మొదలైంది పరుగు. మొగుడు డ్యూటీనుంచి వచ్చి వదినకి మందు వేసి, అరుగుమీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటున్నాడు. కిటికీలో పెద్దకోడలు కనిపించింది. జుట్టంతా రాలిపోయిన తలకి తువ్వాలు చుట్టుకుంది. చెంపలు లోపలికి పోయాయి, మెడ నిలవక తల ఊచలకి ఆనించింది. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే చురచురలాడుతున్నాయి.

చిన్నకోడలు రోజంతా దాచుకున్నది విసిరింది. "నువ్వు లేనప్పుడు కాకపోతే ఎప్పుడు కట్టించమంటావ్? ఉంటే ఆ ఇటుకలు నా నెత్తినే వేసేదానివి!"

చుట్టు తిరిగి వచ్చేసరికి ఆవిడ నవ్వుతోంది. నవ్వు మధ్యలో దగ్గు. "ఇప్పుడైనా వేస్తా. ఇటు రా, దగ్గరికి."

చిన్నకోడలికీ నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని దిగమింగి మూల తిరిగింది. ఒళ్ళు అలిసిపోయింది. పొద్దుటినుంచీ నిలువుకాళ్ళ మీద ఉంది మరి. ఇలా అలిసిన రోజుల్లో ఆవిడ ఓ దొంగపని చేస్తుంది. ఇళ్ళ వెనకంతా పరిగెత్తి, మూల తిరిగి తమ సందులోకి రాగానే నడక మొదలుపెడుతుంది. కిటికీ దగ్గర కూర్చున్నావిడకి ఎదురుగా ఉన్న నాలుగడుగుల వీధి తప్ప పక్కకి కనిపించదు, మెడ తిప్పలేదు కనక. కాబట్టి సందు పొడుగునా ఈడ్చుకుంటూ నడిచి, పక్కింటి మెట్లు రాగానే రొమ్ము విరుచుకుని పరుగందుకుంటుంది. సిగ్గుగానే ఉంటుంది. ఉంటే మాత్రం ఏం చేస్తాం, కాళ్ళు వినొద్దూ?

ఆ చుట్టూ అలాగే నడిచి, అలాగే పరిగెత్తి కిటికీ ముందుకొచ్చింది.

"నేను పోయాక గోడ కొట్టించెయ్యి," అంది పెద్దకోడలు, గొంతు బాగా తగ్గిపోయి. "ఇల్లంతా నీదే. నీ మొగుడూ నీవాడే."

చిన్నకోడలు ఉలిక్కిపడింది. ఇది ఆటలో మాట కాదు. దాన్ని మోసుకుంటూ వెనక సందులోకి పోయింది. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది. పోతుందట! పరుగు ఇంక రెండు వారాల్లో పడింది, ఇప్పుడు పోతుందట! తను నలభై రెండు కిలోమీటర్లూ పరిగెత్తి వచ్చి ఎవరి ఎదురుగా నిలబడాలి, ఖాళీ కుర్చీ ఎదురుగానా? ఈవిడే వదిలేస్తోంది మధ్యలో! ఎన్నాళ్ళనుంచో దొరకని మాట అప్పుడు దొరికింది. ఈసారి సందులో నడవడం కూడా మర్చిపోయి, ఒకే ఊపులో కిటికీ దగ్గరికొచ్చి అరిచింది:

"పోతావ్, పోతావ్! పోయేదానివైతే నేను కాపురానికి రాకముందే పోయేదానివి. నా ప్రాణం హాయిగా ఉండేది!"

ఆవిడేం అనలేదు. చిన్నకోడలు మూల తిరుగుతూ ఒకసారి వెనక్కి చూసింది. దెబ్బకి నోరు పడిపోయింది! కాపురానికొచ్చాక ఇదే మొదటిసారి, ఆఖరి మాట తనదవడం. కాళ్ళకి ఎక్కడినుంచో బలమొచ్చింది. చుట్టంతా ఎగురుకుంటూ వచ్చింది. కిటికీలో తువ్వాలు చుట్టిన తల ఊచలకి ఆనుకునే ఉంది. "ఏం, మాట రావట్లేదా?" అని దాటింది. ఇంకో చుట్టు. అదే తల, అదే వాలకం. నిద్ర నటిస్తోంది, ఓడిపోయింది కదా, అనుకుంది. ఆ తర్వాతి చుట్టులో సగం దూరం పోయి ఆగిపోయింది. ఎందుకాగిందో తనకే తెలియలేదు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పరిగెత్తింది.

ఊచల్లోంచి చెయ్యి పెట్టి భుజం తట్టింది. "అక్కా," అంది. ఆ పిలుపు నోట్లోంచి వచ్చి ఎన్నేళ్ళయిందో. "అక్కా, ఏదో ఒకటి అనవే!"

మొగుడు లేచి లోపలికి పరిగెత్తాడు. లోపల్నుంచి "వదినా" అన్న కేక ఒకటి వినిపించింది.

డాక్టరొచ్చి చూసి, ప్రాణం పోయి కాసేపైంది అన్నాడు. ఎంతసేపైందని చిన్నకోడలు అడగలేదు. అడిగితే తన ఆఖరి మాట ఆవిడ విన్నదీ లేనిదీ తేలిపోతుంది. రెండింట్లో ఏది తేలినా తట్టుకోలేననిపించింది. శవాన్ని తీసుకెళ్ళే బండి వచ్చింది. మొగుడు వదిన పక్కనే ఎక్కి కూర్చున్నాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ. బండి సందు దాటిపోయింది.

వీధిలో జనం ఒక్కొక్కళ్ళే కదిలారు. టైలరు భార్య మాత్రం ఉండిపోయి చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది.

"నువ్వంటే ఎంత గొప్పనుకున్నావ్ ఆవిడకి! కనిపించినవాళ్ళందర్నీ కిటికీ దగ్గరికి పిలిచి చెప్పేది. 'మా చిన్నది ఒక్క అడుగు నడవదమ్మా. సందు ఈ కొసనుంచి ఆ కొసదాకా పరుగే. నేను రోజూ కళ్ళారా చూస్తున్నాగా' అని. ఆ మాట మీదే కదా మేమందరం చందా ఇస్తామన్నాం."

చిన్నకోడలు చెయ్యి విడిపించుకుంది. కళ్ళారా చూసిందట! కిటికీ ముందు నాలుగడుగులు తప్ప ఏం కనిపించిందని ఈ గొప్పలు? చచ్చి కూడా తనని ఇరికించింది, ఇంక ఒక్క అడుగు నడవడానికి లేకుండా. ఉక్రోషంతో కళ్ళు మండాయి. గోడ చుట్టూ తిరిగి పెద్దకోడలి వాటాలోకి వెళ్ళింది. గది సర్దాలి, కుర్చీ కడగాలి, పనులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అవేవీ ముట్టుకోలేదు. ఆ కుర్చీలోనే కూలబడి, ఆవిడలాగే తల ఊచలకి ఆనించింది. ఎదురుగా నాలుగడుగుల వీధి. కొంచెం కిందికి చూసింది, కిటికీ బయట గట్టువైపు. తర్వాత ఏడుపు తన్నుకొచ్చింది, పెద్దగా, గోడవతలికీ వీధిలోకీ వినిపించేలా. "అంత చూసి కూడా ఒక్క మాట అనలేదేమే! ఇన్ని మాటలన్నావు, ఈ ఒక్క మాటా అనలేకపోయావా!" అని తిట్టింది.

గట్టు మీద మందుసీసాల చాటున, కదలకుండా కింద గుడ్డముక్క మడిచి పెట్టి, సీసాకి ఏటవాలుగా ఆనించిన అరచేతంత అద్దం ఉంది. అందులో మూలనుంచి పక్కింటి మెట్లదాకా, సందు మొత్తం కనిపిస్తోంది.