చెరిగిపోయిన బాణాలు

పదకొండు రాళ్లూ డాబా మీద ఎండలో ఆరుతున్నాయి. ఒక్కోటీ కొబ్బరికాయంత ఉంది. చింతపండు, సబ్బుపొడి వేసి పీచుతో రెండురోజులు తోమిన ఆండాళ్ళు చేతులు మండిపోతున్నాయి గానీ, మనసు మాత్రం కాస్త కుదుటపడింది.

ఆవిడ భర్త పురుషోత్తం ఏలూరులో చిన్న గుడికి అర్చకులు. కూతురు సంహిత నాలుగేళ్లుగా ఈ రాళ్ల మీదే పరిశోధన చేస్తోంది. జంగారెడ్డిగూడెం అవతల గుట్టలోని రాయి భూమి అడుగున వేడికి ఎప్పుడు మారిందో, ఎప్పుడు నలిగి మడతలు పడిందో తేల్చడం ఆ పిల్ల పని. రాతిలో కంటికి ఆనని గింజలుంటాయట. వాటిలో యురేనియం కొంచెం కొంచెంగా సీసంగా మారుతుందట. ఎంత మారిందో కొలిస్తే వయసు తెలుస్తుందట. పోయిన ఆదివారం ఫోనులో ఎవరికో చెబుతుంటే ఆండాళ్ళు చెవిన పడింది. యురేనియం అన్నాక ఇంక మిగతాదేదీ బుర్రకెక్కలేదు. ఆ రాళ్లున్నది పిల్ల మంచం కిందే. పిల్లకి ఈమధ్య జుట్టు కూడా రాలుతోంది.

ఎదురింటి రాజ్యాన్ని అడిగితే, "అమ్మో, టీవీలో చూపించారు కదండీ! ఊళ్లకి ఊళ్లే మంచాన పడ్డాయి," అంది.

సంహిత తాడేపల్లిగూడెం కాలేజీలో పాఠాలు చెప్పడానికి రెండురోజులు వెళ్లగానే ఆండాళ్ళు రాళ్లన్నీ బయటికి తీసింది.

తిరిగొచ్చిన సంహిత డాబా మెట్ల మీదే ఆగిపోయింది.

"అమ్మా, వీటి మీద గుర్తులేవి?"

"ఆ నల్ల గీతలా? ఎంతకీ వదలందే! నీ గోళ్లరంగు చెరిపే సీసా మొత్తం పోశాను."

సంహిత నెమ్మదిగా కింద కూర్చుంది. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆండాళ్ళుకి.

"రాయి కొట్టేముందే ఉత్తరం ఎటో, పైవైపు ఏదో బాణం గీసుకుంటామమ్మా. నంబరు వేస్తాం. ల్యాబులో అది చూసే రాయిని కోస్తారు. గుట్ట ఒకసారి కాదు, రెండుసార్లు నలిగింది, ఒక్కోసారి ఒక్కో దిక్కుగా. ఇప్పుడు గింజ వయసు వస్తుంది. అది ఏ మడతదో మాత్రం రాదు."

"పోనీ మళ్లీ తెచ్చుకుందాం తల్లీ. నాన్నగారు కూడా వస్తారు, పొద్దున్నే బస్సెక్కితే..."

"గుట్ట లేదమ్మా. కంకర కొట్టి కొల్లేటి గట్టు రోడ్డుకి పోశారు. మొన్న ఆటపాకలో పక్షుల్ని చూడ్డానికి వెళ్లినప్పుడు కారు కింద కరకరలాడిందే, అదే."

"ఫొటోలు తీశావుగా?"

"గుట్టవి ఉన్నాయి. విరగ్గొట్టాక అన్నీ ఒకేలా ఉంటాయి. వయసు కొలిచే మెషీను వాడుకోడానికి ల్యాబువాళ్లు పదో తారీఖు ఇచ్చారు. నెలాఖరుకి థీసిస్. ఇంక గడువివ్వరు."

బిడ్డకి జ్వరమొస్తుందని, బస్సు బోల్తా పడుతుందని, ఈదురుగాలికి కరెంటు తీగ తెగుతుందని ఇరవయ్యేడేళ్లుగా ఆండాళ్ళు భయపడని రోజు లేదు. తన చేతుల వల్ల ఏదైనా జరుగుతుందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

"మంచం కింద వరసగా పెట్టావుగా?" అంది ఉన్నట్టుండి. "ఎడమ చివర్నించి ఒక్కొక్కటే తీసి కడిగాను."

సంహిత చటుక్కున తలెత్తింది. "అవి నంబరు వరసే! అలాగే ఆరబెట్టావా?"

"అలాగే..." ఆండాళ్ళు డాబా అవతలి చివరికి చూసింది. "మధ్యాహ్నం నీడ పడిందని మళ్లీ అన్నీ ఇటు మార్చాను. ఏది ముందో చూసుకోలేదు."

సంహిత తల దించేసుకుంది.

ఆండాళ్ళు మోకాళ్ల మీద వంగి ఒక్కో రాయీ తిప్పి చూసింది. ఎంత శుభ్రంగా తోమిందో ఆవిడకే అప్పుడు తెలిసింది. ఎనిమిదోదానికి ఒక పగులుంది. అందులో మినపగింజంత నలుపు మిగిలింది.

"ఇదిగో! ఇదిగో తల్లీ, ఇక్కడ పోలేదు!"

సంహిత రాయిని వెలుగుకి పెట్టి ఇటు తిప్పింది. అటు తిప్పింది. మిగిలింది బాణం మొనో, తోకో తెలియలేదు.